గిడుగు: శాసనాల నుంచి సంపాదకత్వం దాకా

గిడుగు రామమూర్తి పంతులు అనగానే వాడుక భాషా ఉద్యమమే గుర్తుకొస్తుంది. ఆ ఉద్యమానికి ముందు ఆయన ముప్పై ఏళ్లు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు, గుళ్లలో శాసనాలు చదివారు. ఆధారం లేనిదే మాట్లాడని అలవాటు అక్కడే అబ్బింది.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి చేరువలోని పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో విజయనగరంలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయన సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడయ్యారు. పాత లిపులు సొంతంగా నేర్చి ముఖలింగం శాసనాలు చదివారు. తూర్పు గాంగుల కళింగనగరం ముఖలింగమేనని వాటి ఆధారంతోనే వాదించారు.

గిరిజనులు మాట్లాడే సవర భాష దగ్గరా అదే పద్ధతి. ఆ భాష మాట్లాడేవారినే గురువులుగా పెట్టుకుని నేర్చుకున్నారు, కథలూ పాటలూ సేకరించారు, వాచకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది.

పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ వచ్చాక చర్చ తెలుగు వైపు మళ్లింది. పిల్లలు మాట్లాడేది ఒకటి, రాయాల్సింది మరొకటి ఎందుకన్నది ప్రశ్న. గ్రాంథికం పక్షాన నిలిచిన జయంతి రామయ్య పంతులు డిప్యూటీ కలెక్టరు. ఆయనా శాసనాలు చదివిన పండితుడే. 1914లో గురజాడ గ్రాంథికానికి వ్యతిరేకంగా మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాశారు, మరుసటి ఏడు కన్నుమూశారు. బరువంతా గిడుగు మీద పడింది.

1919లో ఆయన ‘తెలుగు’ మాసపత్రిక స్థాపించి సంపాదకుడయ్యారు. చైనాలోనూ అవే రోజుల్లో ‘న్యూ యూత్’ పత్రిక వేదికగా హూ షీ వంటివారు వాడుక భాష కోసం వాదిస్తున్నారు. గిడుగు పత్రిక ఎక్కువ కాలం నిలవలేదు గానీ, వాదం ‘బాలకవి శరణ్యం’, ‘గద్యచింతామణి’ పుస్తకాలుగా సాగింది. గ్రాంథికమే రాస్తున్నామనుకున్న పండితుల రచనల్లోంచే వాడుక రూపాలు ఏరి చూపడం ఆయన ఎత్తుగడ. ఎదుటివారి రాతలే ఆయనకు సాక్ష్యాలు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలవడంతో రాజమండ్రికి మారారు. 1940 జనవరి 22న మరణించారు. అంతకు కొద్ది రోజుల ముందు కూడా వాడుక భాషలో రాయమని పత్రికా సంపాదకులను కోరారు.

ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు దండ వేయడంతో సరిపెట్టకుండా ‘బాలకవి శరణ్యం’ కూడా తెరవండి. వాదించడం ఎలాగో తెలుస్తుంది.