కేసులు దొరకని బారిస్టరు, నామినేటెడ్ ఎమ్మెల్సీ: అంబేడ్కర్ తొలి రోజులు



ఏప్రిల్ 14 వస్తే హాస్టళ్ళలో దండలు వేస్తాం, రాజ్యాంగం గురించి మాట్లాడుకుంటాం. ఆ తర్వాత గదుల్లో కూర్చున్నప్పుడు మనవాళ్ళలో ఒకరు తప్పకుండా అడుగుతారు: "ఆయన ఎస్సీల కోసం కొట్లాడిండు, మరి మనకేం చేసిండు?" తప్పుడు ప్రశ్నేం కాదు. కాకపోతే జవాబు వెతకాలంటే రాజ్యాంగ సభకు 20 ఏళ్ళ వెనక్కి పోవాలి.

1923లో లండన్ నుంచి బొంబాయి తిరిగొచ్చేనాటికి ఆయన బారిస్టరు, రెండు దేశాల్లో పెద్ద చదువులు. కానీ ప్రాక్టీసుకు సనదు తీసుకోవడానికి డబ్బుల్లేవు. నావల్ భథేనా అనే పార్సీ మిత్రుడు ఆదుకుంటే హైకోర్టు మెట్లెక్కారు. ఎక్కినా, అంటరాని లాయరుకు కేసులు పంపే సొలిసిటర్లు ఎవరు? ఇల్లు గడవడానికి ఒక అకౌంటెన్సీ సంస్థలో వ్యాపార చట్టం పాఠాలు చెప్పారు. 1926లో బాగ్డే, జెధే, జవల్కర్ అనే బ్రాహ్మణేతర నాయకుల మీద నడిచిన పరువు నష్టం కేసును గెలిపించాకే లాయరుగా పేరొచ్చింది.

ఆ ఏడాది చివర్లో గవర్నరు ఆయన్ను బొంబాయి లెజిస్లేటివ్ కౌన్సిల్‌కు నామినేట్ చేశాడు. గెలిచిన సీటు కాదు, ఇచ్చిన సీటు. అయినా 1927 ఫిబ్రవరిలో ప్రమాణం చేసిన మొదటి నెలలోనే సర్కారు లెక్కలు తీసి సర్కారు ముందే పెట్టారు. చదువు మీద తలకు 14 అణాలు ఖర్చు పెడుతున్నారు, ఆబ్కారీ కింద మాత్రం తలకు 2 రూపాయల పైనే లాగుతున్నారు, ఇదేం న్యాయమని నిలదీశారు. సారా కాంట్రాక్టర్లను చూసిన మన గూడేలకు ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

1928లో తెచ్చిన వతన్ బిల్లు దగ్గర కాస్త ఆగుదాం. మహర్లకు ఇంత ఇనాం భూమి, ఊళ్ళో వాళ్ళు పెట్టే గింజలు. బదులుగా సర్కారు ఏ వేళ పిలిచినా పోవాలి, ఇంటిల్లిపాదీ చాకిరీకి కట్టుబడాలి. మన తాతలు చెప్పే వెట్టి లాంటిదే, దానికి చట్టం ముద్ర అదనం. పన్ను పూర్తిగా కట్టి ఆ చాకిరీ నుంచి బయటపడే దారి ఉండాలన్నది బిల్లు సారం. అది సెలెక్ట్ కమిటీకి వెళ్ళొచ్చాక, 1929లో ఆయనే వెనక్కి తీసుకున్నారు. ఓటమే. అదే కౌన్సిల్‌లో ఆయన గట్టిగా సమర్థించిన ప్రసూతి సాయం బిల్లు మాత్రం 1929లో చట్టమైంది.

ఇక మన సంగతి. 1928 చివర్లో స్టార్ట్ అనే ఐసీఎస్ అధికారి అధ్యక్షతన అంటరానివారు, ఆదివాసుల స్థితిగతులు చూడటానికి ఒక కమిటీ వేశారు. అంబేడ్కర్, సోలంకి, ఠక్కర్ అందులో సభ్యులు. ఆ పని మీద 1929లో తిరుగుతూ చాలీస్‌గావ్‌లో దిగితే, ఆయన్ను ఎక్కించుకోవడానికి టాంగావాళ్ళు ఒప్పుకోలేదు. టాంగా ఇస్తాం, తోలేది మాత్రం మీరే అన్నారు. తోలడం రాని మహర్ ఒకాయన పగ్గాలు పట్టాడు. కల్వర్టు మీద చక్రం రాళ్ళలో ఇరుక్కుని బండీ గుర్రం నదిలో పడ్డాయి, అంబేడ్కర్ రాళ్ళ మీద పడి కాలు విరిగింది. బారిస్టరైనా, ప్రభుత్వ కమిటీ మెంబరైనా టాంగావాడి లెక్కలో తక్కువేనని తర్వాత ఆయనే రాసుకున్నారు.

1930లో ఆ కమిటీ ఇచ్చిన రిపోర్టు ఒక ముఖ్యమైన పని చేసింది. "అణగారిన తరగతులు" అని అందర్నీ ఒకే మూటలో కట్టొద్దంది. అంటరానివారు వేరు, ఆదివాసీ కొండ తెగలు వేరు, ఇతర వెనుకబడిన తరగతులు వేరు అని విడదీసింది. మన బాధ అంటరానితనం కాదు, అడవి, భూమి, దూరం. అది వేరే లెక్క అని కాగితం మీదికి ఎక్కించిన వాళ్ళలో ఆయనా ఒకరు.

అట్లని అంతా తియ్యగా చెప్పలేం. 1945లో రాజకీయ ప్రాతినిధ్యం మీద మాట్లాడుతూ, ఆదివాసులకు ఇంకా రాజకీయ చైతన్యం రాలేదని, అందుకే తన సీట్ల లెక్కలో వాళ్ళను చేర్చలేదని ఆయన అన్నారు. బిర్సా ముండా నడిచిన నేల మీద, గుడెం కొండల్లో, జోడేఘాట్‌లో పోరాటాలు జరిగిపోయాక వచ్చిన మాట అది. మాకు నచ్చలేదు. మరుసటి ఏడాదే జైపాల్ సింగ్ ముండా రాజ్యాంగ సభలో లేచి, ప్రజాస్వామ్యం ఆదివాసులకు మీరు నేర్పేది కాదు, వాళ్ళ దగ్గర మీరే నేర్చుకోవాలని ఆ సభకే ముఖాముఖి చెప్పాడు. ఆ సభలో అంబేడ్కర్ కూడా సభ్యుడే.