బేర్ యాక్టులో మా నాయిన

తెల్లవారి నాలుగింటికి లేస్తే తప్ప నాకు చదువుకునే టైం దొరకదు. తొమ్మిదింటికల్లా బడిలో ఉండాలె. పొద్దుగూకితే లా కాలేజి. మా మాదిగవాడ నుంచి డిగ్రీ దాకా పోయింది నేనే మొదలు కాబట్టి, లేబర్ లా పేపరు ఎట్ల చదవాలో చెప్పే అన్నలు లేరు, బావలు లేరు. ఒక ఇంగ్లీషు గైడు, ఒక బేర్ యాక్టు. అంతే.

దానికి తోడు చదివిందంతా పాతదయి కూచున్నది. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చి 29 చట్టాలను మింగినయి. 1948 కనీస వేతనాల చట్టం కూడా వాటిలోనే పోయింది. ఆ బిల్లును 1946 ఏప్రిల్‌లో సెంట్రల్ అసెంబ్లీలో పెట్టింది బాబాసాహెబ్ అంబేద్కర్. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరు ఆయనే. ఫ్యాక్టరీలలో వారానికి 54 గంటల పని 48కి దిగిన సవరణ కూడా 1946దే. నా గైడులో మాత్రం ఆ పేరు ఎక్కడా కనపడలేదు. రాజ్యాంగం రాసిండని ఒక్క ముక్క చెప్తే చాలనుకున్నరేమో.

ఆ 29లో కలవకుండా మిగిలింది 1976 వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం. గైడు దానికి అర పేజీ ఇచ్చింది. పరీక్షకు ముఖ్యం కాదట! ఒకనాడు నిద్రమత్తులో బేర్ యాక్టు తిరగేస్తుంటే రెండో సెక్షన్‌లో ఒక వివరణ కంటబడ్డది. అప్పిచ్చినోడికి, తీసుకున్నోడికి నడుమ ఒప్పందం ఉన్నట్టే లెక్కగట్టాల్సిన చాకిరీల పేర్లు వరసగా ఉన్నయి. భగేలా, పాలేరు, వెట్టి... మధ్యలో 'జీతా'. ఇంగ్లీషు అక్షరాలల్ల మా నాయిన బతుకు.

1973ల, పదేండ్ల పిల్లగాడిగా ఉన్నప్పుడు, మా నాయినను తాత ఊరి పెద్దరైతు కాడ జీతానికి పెట్టిండు. మేనత్త పెండ్లికి తెచ్చిన నాలుగు వందల కోసం. పెండ తీయాలె, ఎడ్లకు నీళ్లు పెట్టాలె, రాత్రి కొట్టంలనే పండాలె. నెలకిన్ని జొన్నలు, ఏడాదికో గొంగడి. జరమొచ్చి నాగా పడితే ఆ రోజుల కూలి అప్పులో కలిపేటోళ్లు. అప్పు పెరుగుడే గాని తరుగుడు లేదు. 1984ల పెద్దనాయిన బొంబాయి పనికి పోయి తెచ్చిన పైసలు కడితే నాయిన బయటపడ్డడు.

చట్టం ఏమంటదంటే, అది 1975 అక్టోబర్ 25 నుంచే అమలులో ఉన్నట్టు. ఆరో సెక్షన్ కింద అసొంటి అప్పు కట్టాల్సిన బాధ్యత ఆనాడే రద్దు. అది అసొంటి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినోడే, పదిహేనో సెక్షన్ మాట. కాయితాల్లేని మా తాతను చట్టం కాయితం అడగనే లేదు! 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునే పని కూడా 23వ అధికరణం కింద బలవంతపు చాకిరే అన్నది. ఆ తీర్పు వచ్చిననాడు నాయిన ఇంకా కొట్టంలనే పండుకుంటున్నడు.

ఆదివారం ఊరికి పోయి చెప్పిన.

"నాయినా, 75లనే మన అప్పు రద్దయిందట."

"ఎవరు జేసిండ్రు?"

"సర్కారు."

చుట్ట ఆరిపోయేదాకా మాట్లాడలే. "మరి పటేలుకు ఎర్కనా?" అన్నడు.

"ఎర్కనే ఉంటది. జిల్లాకో కమిటీ ఏసి ఇసొంటోళ్లను ఇడిపియ్యాలని గూడ రాసిండ్రు."

"ఏ కమిటీ బిడ్డా? పట్వారి పొద్దున లేస్తే పటేలు అరుగు మీదనే ఉండె."

వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నడు. రెండేండ్లు అప్పుకు. తొమ్మిదేండ్లు లేని అప్పుకు. లెక్క నాకన్నా ముందే తేల్చిండు. తర్వాత, నాకు తట్టని మాట అడిగిండు.

"మరి మీ పెద్దనాయిన బొంబాయిల కష్టం జేసి కట్టిన పైసలు?"

తొమ్మిదో సెక్షన్ తీసి చదివి వినిపించిన. రద్దయిన అప్పు కింద పైసలు తీసుకుంటే మూడేండ్ల దాకా జైలు. అక్షరం ముక్క రాని నాయిన ఆ పేజీ మీద వేలు పెట్టి, "ఈడనేనా?" అన్నడు.