ముక్కల గీతలో దాగిన వంపు

శ్రీరాంసాగర్ దగ్గర బయలుదేరిన కాకతీయ కాలువ 146 కిలోమీటర్లు నడిచి కరీంనగర్ పక్కన లోయర్ మానేరు డ్యామ్‌లో కలుస్తుంది. శ్రీరాంసాగర్ జలాశయం ఎడమగట్టు నుంచి సరస్వతి కాలువ నిర్మల్ వైపు, పాత ఆదిలాబాద్ జిల్లా పొలాల్లోకి పోతుంది. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు ఇది. కాలువ నేల వాలు పట్టుకుని పోవాలి, గుట్ట అడ్డమొస్తే మళ్లాలి. మలుపు కరుకైతే నీళ్లు బయటి గట్టును కోస్తాయి, లోపలి గట్టు పక్కన పూడిక పేరుకుంటుంది. అందుకే ఇంజనీర్లు మలుపును వృత్తంలో ఒక ముక్కగా వేస్తారు.

కాగితం మీదైతే కంపాస్ తిప్పితే చాలు. నేల మీద వృత్తకేంద్రం ఎక్కడో 300 మీటర్ల దూరాన, ఎవరి పత్తి చేనులోనో పడుతుంది. ఈ చిక్కును 1840ల ప్రాంతంలో ఐర్లండ్ రైలు మార్గాల మీద పనిచేసిన ఇంజనీరు ర్యాంకిన్ విడదీశాడు. వంపు మొదలయ్యే చోట కోణాలు కొలిచే థియోడలైట్ నిలిపి, కోణం కొంచెం కొంచెం పెంచుతూ, గొలుసు పొడవున ఒక్కో మేకు కొట్టుకుంటూ పోవడమే ఆయన పద్ధతి. కేంద్రం దగ్గరికి పోయే పనే లేదు.

అయితే మేకుకూ మేకుకూ మధ్య గీత గీస్తే వచ్చేది తిన్నని ముక్కే. 300 మీటర్ల వ్యాసార్ధం మీద 30 మీటర్ల ముక్క గీస్తే, నడుమ అసలు వంపు దానికి 37.5 సెంటీమీటర్లు ఎడంగా ఉంటుంది. సర్వే బిందువులను కలిపినా, పాత మ్యాపు మీద మౌస్ నొక్కుకుంటూ పోయినా కంప్యూటర్‌లో మిగిలేది ఇలాంటి ముక్కల పాలీలైనే. కాలువ వేసినవారి వ్యాసార్ధం అందులో ఎక్కడా కనిపించదు.

మరి కంప్యూటర్‌కు వంపు ఎలా వచ్చింది? కార్ల వల్ల. 1959లో సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్‌జో, 1960ల్లో రెనోలో పియెర్ బెజియే, కారు ఒంటి వంపులను కొద్దిపాటి బిందువులతో పట్టే గణితం కనిపెట్టారు. సిట్రోయెన్ తన లెక్కను గుట్టుగా ఉంచుకుంది, అందుకే ఆ వంపుకు బెజియే పేరు నిలిచింది. నాకు ఎంతో అందంగా తోచే లెక్క అది. కానీ బెజియే వంపు వృత్తానికి ఎంత దగ్గరగా వచ్చినా అచ్చమైన వృత్తం కాలేదు. కారు తలుపుకు అది లోటేమీ కాదు. కాలువకు మాత్రం లోటే, ఎందుకంటే బెజియే గీత వక్రత అడుగడుగునా మారుతుంటుంది. మేకులు కొట్టేవారికి చెప్పడానికి ఒక్క వ్యాసార్ధం దొరకదు.

కంప్యూటర్‌లో నక్షలు గీసే ఆటోక్యాడ్‌లో పాలీలైన్‌ను నునుపు చేసే ఆదేశాలు రెండున్నాయి. ‘ఫిట్’ ప్రతి జత బిందువుల మధ్యా చిన్న చాపాలు పేరుస్తుంది. ‘స్ప్లైన్’ బిందువుల పక్కనుంచి జారిపోతుంది. రెండూ కంటికి బాగుంటాయి, కాలువ మలుపుకు మాత్రం రెండూ చాలవు.

పనికొచ్చేది బడిలో నేర్చిన జ్యామితే. మూడు బిందువులు తీసుకుని వాటి మధ్య గీతలకు లంబ సమద్విఖండన రేఖలు గీస్తే, అవి కలిసేచోట కేంద్రం దొరుకుతుంది. నాలుగో బిందువు ఆ వృత్తం మీద ఉందా? ఒప్పుకున్న తేడాలోపు ఉంటే ఐదోదాన్ని చూడాలి. తప్పిపోయిన చోట చాపం ముగిసినట్టు, అక్కడి నుంచి తిన్నని నడక. సర్వేలో చిన్న పొరపాట్లు ఉండనే ఉంటాయి గనుక, చివరికి అన్ని బిందువులకూ కలిపి అతి తక్కువ తేడా వచ్చే వృత్తాన్ని లెక్కగడతారు.

దొరికిన చాపాన్ని పాలీలైన్ దాచుకునే తీరు ముచ్చటైనది. రెండు కొసల మధ్య ‘బల్జ్’ అనే ఒక్క సంఖ్య ఉంటుంది: చాపం కేంద్రం దగ్గర చేసే కోణంలో నాలుగో వంతుకు టాంజెంట్. అర్ధవృత్తానికి అది 1, తిన్నని గీతకు 0. 300 మీటర్ల వ్యాసార్ధంతో 40 డిగ్రీలు మళ్లే వంపుకు 0.176. దాదాపు 209 మీటర్ల పొడవున ఏడు ముక్కలుగా విరిగి ఉన్న మలుపు రెండు బిందువులుగా, ఒక సంఖ్యగా తిరిగి వస్తుంది. దాన్నుంచి వ్యాసార్ధం, కేంద్రం, మేకుల కోణాలు మళ్లీ లెక్కకు అందుతాయి.