ఒకే సర్వరు, వెయ్యి సైట్లు: హోస్ట్ లైను పుట్టిన కథ

1995లో సొంత పేరుతో వెబ్‌సైట్ పెట్టుకోవాలంటే జేబుకు రెండు చిల్లులు. ఆ సెప్టెంబరు నుంచి నెట్‌వర్క్ సొల్యూషన్స్ సంస్థ డొమైన్ పేరుకు రెండేళ్లకు 100 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. అది పైకి కనిపించే ఖర్చు. కనిపించనిది ఇంకొకటి ఉంది: ప్రతి సైటుకూ విడిగా ఒక ఐపీ అడ్రసు కావాలి.

ఎందుకు? టిమ్ బెర్నర్స్-లీ 1990 చివర్లో జెనీవా దగ్గర సెర్న్‌లో మొదటి వెబ్ సర్వరు నడిపినప్పుడు, బ్రౌజరు దాన్ని అడిగేది ఒక్క లైనులోనే. ‘గెట్’ అనే మాట, పక్కన పేజీ పేరు. అది ఏ సైటు పేజీయో చెప్పే చోటే అందులో లేదు. బ్రౌజరు డొమైన్ పేరును డీఎన్ఎస్ అనే పేర్ల పట్టికలో వెతికి, ఐపీ అడ్రసు దొరకగానే ఆ పేరును మరిచిపోయేది. డోర్ నంబరు మాత్రమే వేసి, ఎవరికో రాయని ఉత్తరం అది. ఇంట్లో ఒక్కరే ఉన్నంత కాలం ఏ ఇబ్బందీ లేదు.

వెబ్ వ్యాపారమయ్యాక ఇబ్బంది మొదలైంది. హోస్టింగ్ కంపెనీలు ఒకే కంప్యూటరుకు పదులు, వందల ఐపీ అడ్రసులు తగిలించి, ఏ అడ్రసుకు పిలుపు వచ్చిందో చూసి ఆ సైటును చూపించేవి. పని జరిగేది కానీ, ఐపీవీ4లో ఉన్న అడ్రసులు మొత్తం కలిపి 429 కోట్లే. వాటిని పొదుపుగా పంచాలని ఇంజనీర్లు 1993లోనే కొత్త పద్ధతి తెచ్చారు. అలాంటిది చిన్నాచితకా దుకాణాల సైట్లకు తలా ఒకటి ఇచ్చుకుంటూ పోతే ఎన్నాళ్లు? డబ్బు పెట్టలేనివాళ్లు జియోసిటీస్ లాంటి చోట వేరేవాళ్ల పేరు కింద ఉచితంగా ఒక పేజీ పెట్టుకుని సర్దుకున్నారు.

పరిష్కారం చూస్తే నవ్వొస్తుంది. అడిగేటప్పుడు ఇంకో లైను చేర్చడం, అంతే. ‘హోస్ట్’ అని రాసి, పక్కన సైటు పేరు. ప్రమాణంగా ఖరారు కాకముందే నెట్‌స్కేప్ నావిగేటర్ 2 బ్రౌజరు దాన్ని పంపడం మొదలుపెట్టింది. 1996లో వచ్చిన అపాచీ 1.1 అనే సర్వరు సాఫ్ట్‌వేర్ ఆ లైను చదివి, ఒకే అడ్రసు మీద ఎన్ని సైట్లనైనా విడదీయగలిగింది. బ్రౌజరు, సర్వరు మాట్లాడుకునే నియమాల్లో 1997 జనవరిలో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 దాన్ని తప్పనిసరి చేసింది: హోస్ట్ లైను లేకుండా అడిగితే సర్వరు 400 నంబరు తప్పు చూపి వెనక్కి పంపాలి. నెలకు కాఫీ ఖర్చుతో సైటు నడిపే షేర్డ్ హోస్టింగ్ వ్యాపారమంతా నిలబడింది ఈ లైను మీదే.

సర్వరుకు తెలియని పేరు వస్తే? అపాచీ తన కాన్ఫిగరేషన్ ఫైల్లో మొట్టమొదట ఉన్న సైటునే చూపిస్తుంది. కొత్త డొమైన్ కొని, సర్వరులో దాన్ని చేర్చకుండానే డీఎన్ఎస్ మార్చేస్తే, మన పేరు మీద ఎవరిదో దుకాణం తెరుచుకునేది అందుకే.

2003లో హార్వర్డ్‌కు చెందిన బెన్ ఎడెల్మన్ లెక్క తీస్తే, వాడుకలో ఉన్న డాట్‌కామ్, డాట్‌నెట్, డాట్‌ఆర్గ్ డొమైన్లలో 87 శాతానికి పైగా ఇంకొకరితో ఐపీ అడ్రసు పంచుకుంటున్నాయని తేలింది. ఇది ఊరికే చెప్పుకునే అంకె కాదు. పిల్లల అశ్లీల చిత్రాలున్న సైట్లను ఆపాలని పెన్సిల్వేనియా రాష్ట్రం 2002లో చట్టం చేసింది. ఇంటర్నెట్ కంపెనీలు చాలావరకు ఐపీ అడ్రసులనే మూసేశాయి. 400 లోపు సైట్ల కోసం గేటు వేస్తే, ఏ పాపం ఎరగని పది లక్షలకు పైగా సైట్లు ఆగిపోయాయి. 2004లో ఫెడరల్ కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది.

ఈలోగా పాత పొరపాటే మళ్లీ జరిగింది. దారిలో ఎవరూ చదవకుండా మాటలకు తాళం వేసే హెచ్‌టీటీపీఎస్‌లో, ఆ తాళం పడ్డాకే హోస్ట్ లైను వెళుతుంది. తాళం వేయడానికి సర్వరు ముందు తాను ఫలానా సైటునేనని చెప్పే సర్టిఫికెట్ చూపాలి. ఎవరి సర్టిఫికెట్? పేరు ఇంకా చెప్పలేదుగా! దాంతో భద్రత కావాలన్న ప్రతి సైటుకూ మళ్లీ సొంత అడ్రసు. 2003లో ఎస్ఎన్ఐ అనే విస్తరణ వచ్చి, తాళం వేయకముందే పేరు చెప్పే వీలు కల్పించింది. కానీ విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు అది అర్థం కాదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లో సెలవు చెప్పేదాకా హోస్టింగ్‌వాళ్లు జంకుతూనే ఉన్నారు. ఆ మరుసటి ఏడాది చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లను అందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక, ఒకే అడ్రసు మీది వందల సైట్లకూ తాళాలు పడ్డాయి.

తెలుగు లిపిలో .భారత్ పేరున్న సైటు కూడా ఈ హోస్ట్ లైను దారినే వెళ్లాలి. అడ్రసు పట్టీలో తెలుగులో కొట్టినా, హోస్ట్ లైనులోకి ఎక్కేది ‘ఎక్స్ఎన్’తో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల పోగే.

అయితే తాళం పడకముందే వెళ్లే ఎస్ఎన్ఐలో పేరు బాహాటంగా వెళుతుంది. దారిలో ఎవరైనా చదవొచ్చు, చదివి ఆపేయొచ్చు. మన దేశంలో ఒక పెద్ద ఇంటర్నెట్ కంపెనీ అలాగే సైట్లను ఆపుతోందని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు 2019లో చూపించారు. ఆ పేరును కూడా దాచే ఈసీహెచ్ పద్ధతి 2023లో క్రోమ్, ఫైర్‌ఫాక్సుల్లోకి వచ్చింది. బయటికి కనిపించేది సర్వరు నడిపేవాళ్ల ఉమ్మడి పేరు, అసలు పేరు లోపల. వేల సైట్లతో కలిసి ఉన్న సైటుకు అది బాగా పనికొస్తుంది. సొంత అడ్రసు మీద ఒంటరిగా ఉన్న సైటుకు ఆ మరుగు దక్కదు, ఐపీ అడ్రసే దాన్ని పట్టిస్తుంది.