చూపు చాలని వైమానికుడు

జేమ్స్ బాండ్ చిత్రాల మీద నాకు పెద్ద మక్కువ లేదు. 1967లో వచ్చిన "యూ ఓన్లీ లివ్ ట్వైస్"లోని ఒక ఘట్టాన్ని మాత్రం ఎన్నిమార్లయినా చూస్తాను. ఒక్క మనిషి పట్టే బుల్లి యంత్రంలో, చుట్టూ తలుపూ అద్దమూ ఏమీ లేకుండా, బాండు జపాను అగ్నిపర్వతాల మీదుగా పోతూ నాలుగు హెలికాప్టర్లతో తలపడతాడు. దగ్గరగా చూపినప్పుడు కనిపించేది షాన్ కానరీ. దూరాన ఆకాశంలో కనిపించేవాడు వేరు. ఆయన పేరు కెన్ వాలిస్. ఆ యంత్రాన్ని కల్పించినవాడు, చేసినవాడు, నడిపినవాడు ఆయనే. చిత్రీకరణ నాటికి ఆయనకు యాభయ్యేళ్ళు. కుడికన్ను పుట్టుబలహీనం.

ఆ కంటి కథ చెప్పకుండా ఆయన కథ చెప్పలేము.

వాలిస్ 1916 ఏప్రిల్ 26న ఇంగ్లండులోని ఈలీలో జన్మించాడు. తండ్రిది సైకిళ్ళ, మోటారుసైకిళ్ళ వ్యాపారం. ఆ తండ్రీ, పినతండ్రీ కలిసి 1910లోనే ఉక్కుగొట్టాలతో ఒక విమానం కట్టారు. అటువంటి ఇంట పుట్టినవాడికి వైమానిక దళంలో చేరాలనిపించడం సహజమే. కానీ కంటిపరీక్షలో తప్పించారు. పౌర విమానాల లైసెన్సుకు మాత్రం కుటుంబ వైద్యుని సంతకం చాలునట; 1937లో అది సంపాదించాడు. యుద్ధం వచ్చాక మళ్ళీ పరీక్షకు వెళ్ళాడు. మంచి కన్ను మూయించి బలహీనమైన కంటితో చదవమన్నారు. ఆయన తల కాస్త పక్కకు తిప్పి, మంచి కంటితోనే చదివేశాడు. "సగటును మించిన చూపు" అని రాసిచ్చారు!

దీన్ని మోసమనే చెప్పాలి. అయితే ఆ మోసంతో ఆయన పొందినది ఏమిటి? బాంబరు దళంలో చోటు. ఆ దళంలో పనిచేసిన సుమారు 1,25,000 మంది వైమానిక సిబ్బందిలో 55,573 మంది చనిపోయారు. అటువంటి చోటి కోసం కంటివైద్యుణ్ణి ఏమార్చినవాణ్ణి ఏమనాలో నాకు తోచదు. వాలిస్ మొదట లైశాండర్ విమానాలు, పిదప వెల్లింగ్టన్ బాంబర్లు నడిపాడు. జర్మనీ మీదకు 28 పర్యాయాలు వెళ్ళివచ్చాడు. ఒక రాత్రి పొగమంచులో దిగే తావు కానరాక, ఇంధనం నిండుకొని, సిబ్బంది అంతా పారాచూట్లతో దూకవలసివచ్చింది. ఆ బాంబుల కింద ఉన్న ఊళ్ళ గోడు వేరొక కథ, అదీ మరువరానిదే.

ఇక ఆటోజైరో సంగతి. మన పల్లెల్లో పిల్లలు తాటాకు ముక్కను తుమ్మముల్లుతో పుల్లకు గుచ్చి, ముందుకు చాచి పట్టుకుని పరుగెడతారు. గాలికి అది గిరగిర తిరుగుతుంది. తిప్పేది పిల్లవాడి చెయ్యి కాదు, పరుగు. ఆటోజైరో కీలకమూ అదే. హెలికాప్టరులో ఇంజను పైరెక్కలను తిప్పుతుంది. ఇందులో ఎగిరేటప్పుడు ఇంజనుకూ పైరెక్కలకూ పొత్తు లేదు. వెనుకనున్న ప్రొపెల్లరు యంత్రాన్ని ముందుకు నెడుతుంది, ఎదురొచ్చే గాలి రెక్కలను తిప్పుతుంది, తిరిగే రెక్కలు బరువు మోస్తాయి. ఇంజను ఆగినా దిగుతున్నప్పుడు కిందినుంచి వచ్చే గాలికి అవి తిరుగుతూనే ఉంటాయి. దీన్ని 1923లో మొదట ఎగిరించిన స్పెయిన్ దేశస్థుడు హ్వాన్ దె లా సియెర్వా 1936లో క్రోయ్‌డన్ వద్ద చనిపోయాడు, అదీ మామూలు ప్రయాణికుల విమానం కూలి! విధి అనక తప్పదు.

వాలిస్ చేసిన యంత్రం 1961 ఆగస్టు 2న మొదటిసారి ఎగిరింది. దానికి వాడిన 72 అశ్వశక్తి ఇంజను, తుపాకుల గురి సాధనకై ఎగరేసే మనుషుల్లేని విమానాల కోసం చేసినది. పైరెక్కల కీలును ఆయన ఎంత పొందికగా అమర్చాడంటే, చేతులు వదిలేసినా యంత్రం తిన్నగా పోయేది. 1964లో వింగ్ కమాండరుగా పదవి విరమించి ఈ పనిలోనే మునిగాడు.

రేడియోలో ఆయన మాటలు విని సినిమాకు పిలిపించినవాడు కళాదర్శకుడు కెన్ ఆడమ్. ఈయన బెర్లినులో పుట్టిన యూదుడు; అదే బ్రిటిష్ వైమానిక దళంలో యుద్ధవిమానం నడిపినవాడు. జర్మనీ మీద బాంబులు వేసినవాడూ, జర్మనీనుంచి తరిమివేయబడినవాడూ కలిసి ఆ ఆటబొమ్మలాటి పోరును సృష్టించారన్నమాట! తెరమీద ఏడెనిమిది నిమిషాల ఆ ఘట్టానికి వాలిస్ 85 మార్లు, మొత్తం 46 గంటలు ఎగిరాడు. చిత్రీకరణలో హెలికాప్టరు ప్రమాదం జరిగి ఒక ఛాయాగ్రాహకుడు పాదం పోగొట్టుకున్నాడు. చూసేటప్పుడు అది గుర్తొస్తే నవ్వు ఆగిపోతుంది.

సినిమా పేరు తెచ్చింది గానీ నేను గొప్పగా తలచేది తర్వాతి సంవత్సరాలను. నార్ఫోక్‌లోని తన ఇంట, సొంత పనిశాలలో, యంత్రం వెనుక యంత్రం చేసుకుంటూ గడిపాడు. 1975లో ఇంగ్లండు దక్షిణపు కొసనున్న లిడ్ నుంచి స్కాట్లండు ఉత్తరపు కొసనున్న విక్ వరకు, సుమారు 870 కిలోమీటర్లు, ఎక్కడా దిగకుండా ఎగిరాడు. 1978లో తండ్రీ పినతండ్రీ చేసిన ఆ 1910 నాటి విమానానికి ప్రతిరూపం కట్టి, దాన్నీ ఎగిరించాడు. ఇంతకు మించిన పితృతర్పణం ఏముంటుంది?

ఆయన భార్య పెగ్గీ. ఆమెదీ వైమానిక దళపు మహిళా విభాగమే. 1942లో, రేపన్నది నమ్మలేని కాలంలో, పెళ్ళి చేసుకున్నారు. ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు. పెనిమిటి ఆ బుల్లి కుర్చీలో కూర్చుని మబ్బుల్లోకి పోతుంటే కింద నిలబడి చూసిన అరవయ్యేళ్ళ గురించి ఆమె ఏమనుకునేదో! రికార్డుల పుస్తకాలలో అటువంటి వాటికి గడి ఉండదు. 2002 నవంబరులో 86 ఏళ్ళ వయసున వాలిస్ గంటకు 207.7 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. మరుసటి ఏడు పెగ్గీ కన్నుమూసింది.

జర్మనీ మీదకు వెళ్ళిన ఆ 28 రాత్రులకు గుర్తింపుగా ఆయనకు పతకం అందినది 2013 జులైలో, యుద్ధం ముగిసిన 68 ఏళ్ళకు. బాంబరు దళం వారిని సత్కరించడానికి ప్రభుత్వాలు అన్నాళ్ళు తటపటాయించాయి. అందుకోవలసినవారిలో అత్యధికులు అప్పటికే లేరు. ఆ సెప్టెంబరు 1న వాలిస్ కూడా, 97వ ఏట, వెళ్ళిపోయాడు.