సుల్తానా తిరిగొచ్చిన చోటు

చిన్నప్పుడు చదివిన చందమామ కథల్లో, నాకు గుర్తున్నంతలో, మాయాలోకానికి వెళ్ళేది అబ్బాయే. ఆడపిల్ల అక్కడ ముందే బందీగా ఉండేది. అందుకే రొకేయా సఖావత్ హుస్సేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ చదివి తెల్లబోయాను. 1905లో మద్రాసు పత్రిక ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో అచ్చయిన కథ అది.

పడగ్గదిలో కుర్చీలో కునుకు తీసిన సుల్తానా స్త్రీల రాజ్యంలో తేలుతుంది. అక్కడ ఎండవేడితో వంట, గాల్లో ప్రయాణం. మగవాళ్ళేమో మర్దానాలో! సరే, అవన్నీ తర్వాత. మొదట్లోనే, ముసుగు లేకుండా పట్టపగలు వీధిలో నడవాల్సి వచ్చి సుల్తానా సిగ్గుతో ముడుచుకుపోతుంది. నా మటుకు నాకు ఆ కథలోకెల్లా పెద్ద మాయ ఆ వీధే. చివరికి గాలిబండిలోంచి జారి, మళ్ళీ తన కుర్చీలోనే మేలుకుంటుంది.

మరి రొకేయా మేలుకున్నది ఎక్కడ? 1911లో కలకత్తాలో ముస్లిం ఆడపిల్లల కోసం బడి నడపడం మొదలుపెట్టింది. పిల్లల్ని తెచ్చే బస్సును పరదా పేరుతో ఎంతగా మూసేశారంటే, లోపల గాలాడక పిల్లలు స్పృహ తప్పేవారు. 1931లో వచ్చిన ‘అవరోధ్‌బాసిని’లో ఆమే రాసుకుంది. కాస్త గాలి కోసం గుడ్డ తెరలు కట్టిస్తే బెదిరింపు ఉత్తరాలొచ్చాయి, ఆ తెరలు గాలికి లేస్తున్నాయని.