రామప్పగుడి – వ్రాతరాయి

ములుగు జిల్లాలోని పాలంపేటయందు గల రుద్రేశ్వరాలయమునే లోకము రామప్పగుడి యనును. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దీనిని కట్టించి, శకవర్షము 1135, అనగా క్రీ. శ. 1213 లో శాసనము వేయించెను. గుడికి మాత్రము శిల్పి పేరు దక్కినదని జనశ్రుతి.

గోడలు ఎర్రని ఇసుకరాయి, స్తంభములు నల్లరాయి, శిఖరపు టిటుకలు నీట తేలునంత తేలికైనవి. 2021 లో యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. గుడి చూచినవారు సమీపమునందలి రామప్ప చెరువును గూడ చూడవలెను. కాకతీయుల నాటి యా చెరువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. గుడి మ్రొక్కునకు, చెరువు మెతుకునకు, రెండును ధర్మములే.

నా బాల్యమున మా యూరి గుడి బాగుచేయువేళ నొక శాసనశిలను మెట్టుగా పరచిరి. పాదముల రాపిడికి అక్షరములరిగినవి. ఊరి పూర్వకథయు వానితోనే పోయినది. పాలంపేట శాసనమును అట్లే యరిగియుండినచో రేచర్ల రుద్రుని ధర్మమును మనకెవరు చెప్పుదురు?

యాత్రికుడు వచ్చి, “ఇది యెవరు కట్టించిరి?” అని యడిగినపుడు బదులు చెప్పవలసినవారు మీరే. మీ గుడికడనో చెరువుగట్టుననో వ్రాతరాయి యున్నచో, దానికి సున్నము పూయనీయకుడు, దానిపై కత్తులు నూరనీయకుడు. పురావస్తుశాఖవారికి తెలుపుడు, మనుమలకు చూపుడు. సెలవు.